మూడో ఆటనాడు బెణికిన కాలు

ఆట మొదలయ్యే గంట ముందు ఆటగత్తెల జాబితా రాసి రిఫరీ చేతికి అందించడం జట్టు మేనేజరు పని. మొత్తం పదిహేడు పేర్లు. పదమూడుగురు మైదానంలోకి దిగేవాళ్లు, నలుగురు గట్టున బల్ల మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లు. ఆమె రెండేళ్లుగా ఈ పని జీతం లేకుండా, విసుగు లేకుండా చేస్తోంది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత ఉండదు. "మేనేజరమ్మ రాసిన జాబితాను ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు" అని కోచ్ ప్రతి శనివారమూ అంటుంది. అన్న ప్రతిసారీ కొత్త హాస్యంలా తానే ముందు నవ్వుతుంది.

అంత ఒద్దికగా రాసే జాబితాలో ఆమె ఒకే ఒక్కసారి రాయవలసిన పేరు రాయకుండా వదిలింది. అది తన కూతురి పేరు.

పంతొమ్మిదేళ్ల లోపు అమ్మాయిల రగ్బీ లీగ్ పోటీ అది. కోడిగుడ్డు ఆకారపు బంతిని రొమ్ముకు హత్తుకుని పరుగెత్తాలి. ముందున్నవాళ్లకు అందించకూడదు, వెనకవాళ్లకే అందించాలి. ఎదుటి జట్టువాళ్లు నడుం పట్టి నేలకు పడేస్తారు. పడ్డ పిల్ల లేచి బంతిని మడమతో వెనక్కి దొర్లిస్తుంది. వెనక కాచుకున్న తొమ్మిదో నంబరు పిల్ల దాన్ని వంగి అందుకుని మళ్లీ ఆట నడిపిస్తుంది. అలా ఆరుసార్లు పట్టుబడేలోగా అవతలి గీత దాటకపోతే బంతి ఎదుటివాళ్లది. ఆమె కూతురు ఆ తొమ్మిదో నంబరు. పట్టుకున్న చేతుల్లోంచి గిర్రున తిరిగి జారిపోతుందని జట్టంతా దాన్ని బొంగరం అంటుంది. పొట్టి పిల్ల, గట్టి పిల్ల. దాని వయసుకు ఈ పోటీలో ఇదే ఆఖరి ఏడు.

తల్లి ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. కింది అంతస్తులో కిటికీ లేని గది. రోజుకు నలభై మంది వచ్చి, కదలకుండా నిలబడి, ఆమె చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టి, చెప్పినప్పుడు వదిలి వెళ్లిపోతారు. మనుషులు నొప్పి గురించి ఎక్కువో తక్కువో చెప్పుకుంటారు, ఎముక మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఇరవై ఏళ్లుగా ఎముకల మాట వింటున్న మనిషికి ఆటలంటే భయం ఉండకూడదని అందరూ అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

మూడో ఆటకు ముందు గురువారం ఒక అమ్మాయి వచ్చింది. వేరే జట్టు పిల్ల. అంతకుముందు శనివారం కాలర్ బోను విరిగింది. కుదురుకుంటోందా లేదా చూడటానికి మళ్లీ ఎక్స్‌రే.

"ఎవరమ్మా ఇంత పని చేసింది?" అని అడిగింది తల్లి, ప్లేటు సర్దుతూ.

"రోలర్, ఆంటీ. రోడ్డు రోలర్ అంటాం మేం. పేరుకు తగ్గ పిల్ల." ఆ అమ్మాయి నవ్వింది, నవ్వితే భుజం లాగి మూలిగింది. "ఈ వారం వాళ్లకి మీ వాళ్లతోనే కదా ఆట? బొంగరాన్ని కాస్త పక్కనుంచి తిరగమనండి."

తెర మీద బొమ్మ వచ్చింది. విరిగిన రెండు కొసలూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇంతకంటే ఘోరమైనవి ఆమె వేలల్లో చూసింది. కానీ ఆ పిల్లది, తన కూతురిది ఒకే కొలత. అంతే సన్నటి ఎముక, దాని చివర అంతే చిన్న వంపు. ఇంటికి వెళ్లేవరకూ ఆ వంపే కళ్ల ముందు ఉంది.

శనివారం పొద్దున బస్సులో కూర్చుని జాబితా రాసింది. ఎనిమిదో పేరు రాసింది. తొమ్మిది దగ్గర కలం ఆగింది. తరవాత అక్కడ పదహారేళ్ల మరో పిల్ల పేరు రాసింది. జట్టులో అందరికంటే చిన్నది కాబట్టి దాన్ని అందరూ చిన్నీ అంటారు. కింద నాలుగు అదనపు పేర్లలోనూ కూతురి పేరు లేదు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. చాలా రోజుల తరవాత ఆమెను ఎక్కువగా బాధించింది ఆ గుండ్రటి అక్షరాలే.

జాబితా రాశాక రెండు మాటలు చెప్పవలసి వచ్చింది. కోచ్‌తో, "అమ్మాయికి రాత్రి మెట్ల మీద కాలు బెణికింది అక్కా. మీరేం అడక్కండి, అడిగితే ఏడుస్తుంది" అంది. కూతురితో, "అక్క ఇవాళ నిన్ను పక్కన పెట్టింది. ఎందుకని అడక్కు, ఆవిడకి నచ్చదు. వచ్చే వారం ఆడి చూపించు" అంది. ఎవరు ఏ మాటకు నోరు మూసుకుంటారో ఆమెకు బాగా తెలుసు. కోచ్‌కు ఏడ్చే పిల్లలంటే బెదురు. కూతురికి ప్రాధేయపడటమంటే అసహ్యం.

ఆ రోజు రోలర్ ఎవరి ఎముకా విరగ్గొట్టలేదు. వీళ్లు ఓడిపోయారు, అంతే.

ఒక అబద్ధానికి అంతటితో ఆయుష్షు తీరిపోతే లోకంలో చాలామంది తేలిగ్గా బతికేవాళ్లు. ఈ అబద్ధం మాత్రం ఆరు వారాలు చక్కగా తిని పెరిగింది. కూతురు కోచ్ ముఖం చూసి మాట్లాడటం మానేసింది. చెప్పిన పని చేసేది, చెప్పనిది ఇంకా ఎక్కువ చేసేది, పలకరిస్తే "సరే", "అలాగే" అనేది. కోచ్ మాత్రం ఒకరోజు తల్లి పక్కన కూర్చుని వేరుశనగలు వలుస్తూ, "మీ అమ్మాయి ఆటలో దిట్ట. కానీ మనసు కొంచెం మెత్తన, మేనేజరమ్మా. చిన్న బెణుకుకి ఒక ఆట వదిలేసింది చూడు. దాన్నే కెప్టెన్ని చేద్దామనుకున్నాను, చెయ్యలేదు" అంది. తల్లి వేరుశనగ పొట్టు ఏరి దోసిట్లో పోసుకుంది. కూతురు కెప్టెన్ కాకపోవడానికి కారణం తన దోసిట్లోని పొట్టంత తేలిగ్గా అక్కడే ఉంది. ఊదితే ఎగిరిపోయేది. ఆమె ఊదలేదు.

లీగు దశ ముగిసింది. మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు ఆదివారం ఫైనల్. ఒకటి వీళ్లది. రెండోది రోలర్ జట్టు.

శుక్రవారం సాయంత్రం లీగు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. తొమ్మిదో నంబరు అమ్మాయి విషయంలో చిన్న చిక్కు ఉంది, కోచ్, మేనేజరు, అమ్మాయి ముగ్గురూ రావాలి.

ఆఫీసు అంటే టైల్స్ దుకాణం పైన ఒక గది. మెట్ల పొడుగునా పగిలిన టైల్స్ ముక్కలు రంగురంగులుగా గోడకు ఆనించి ఉన్నాయి. కోచ్ సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చింది. కూతురు వడ్రంగం నేర్చుకునే చోటు నుంచి నేరుగా వచ్చింది, జుట్టు నిండా రంపపు పొట్టు. గదిలో ఒక పెద్దాయన, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ వెంట అట్టపెట్టెలు. ఆయన ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇప్పుడు ఈ పోటీకి కార్యదర్శీ, గుమాస్తా, గది ఊడ్చే మనిషీ అన్నీ ఆయనే.

"కూర్చోండమ్మా. నువ్వూ కూర్చో తల్లీ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది."

"నేను బాగుచేస్తాను మాస్టారూ, మేకులున్నాయా?" అంది కూతురు.

"ముందు నీ సంగతి బాగుచేద్దాం." ఆయన కళ్లద్దాలు తుడుచుకుని కాగితాలు తిరగేశాడు. "ఫైనల్ ఆడాలంటే ఈ సీజన్లో కనీసం అయిదు ఆటలాడి ఉండాలి. నీకు నాలుగే ఉన్నాయి."

తల్లి కుర్చీలో ముందుకు జరిగింది. "అయిదు మాస్టారూ. నేను రాసుకున్నాను. మొదటి రెండూ పరీక్షలని ఆడలేదు. మూడోది లేదు. నాలుగు నుంచి ఎనిమిది దాకా అన్నీ ఆడింది. అంటే అయిదు కదా."

"ఏడో ఆట?"

"జాబితా ఇచ్చాను కదండీ."

"ఇచ్చారు. వాన పడింది. రద్దయింది. ఆడని ఆట ఆట కాదమ్మా."

రెండేళ్లలో అంతకుముందెప్పుడూ ఆట రద్దు కాలేదు. జాబితా రాయడమే తన పని కనుక, రాసిన పేరు ఆడిన పేరేనన్న లెక్కలో ఆమె ఉండిపోయింది. కూతురు ముందు మాస్టారిని, తరవాత తల్లిని చూసింది. ఇంకా భయపడలేదు. అమ్మ ఏదో ఒకటి చేస్తుందిలే అన్న చిన్నప్పటి ధీమా ఆ కళ్లలో ఉంది.

కోచ్ బల్ల మీద చరిచింది. "అయ్యో మాస్టారూ, మూడో ఆట ఉందిగా! దెబ్బ తగిలి ఆడకపోతే ఆ ఆట లెక్కలోకి వస్తుందని మీరే కదా రూలు పెట్టారు?"

"పన్నెండో రూలు. దెబ్బా?"

"కాలు బెణికింది. మేనేజరమ్మే చెప్పింది."

మాస్టారి ముఖం విప్పారింది. ఆయనకు కూడా ఆ పిల్లను ఆడించాలనే ఉంది. ఎవరికైనా అడ్డు చెప్పవలసి వస్తే ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినడని ప్రతీతి. అట్టపెట్టెలో చెయ్యి పెట్టి ఒక ఫారం లాగాడు. "ఇంతేనా! దీనికోసమా ఇంతమందిని మెట్లెక్కించాను! ఇక్కడ నేను రాస్తాను. మూడో ఆట, కాలు బెణుకు. ఇక్కడ తల్లి సంతకం. అమ్మాయి మైనరు కాదు కాబట్టి ఇక్కడ తన సంతకం. ముందు నువ్వు పెట్టు తల్లీ."

కలం కూతురి చేతిలోకి వెళ్లింది. అది ఫారం చదివింది. రెండోసారి చదివింది.

"ఏ కాలు?"

మాస్టారు కాగితం మీదికి వంగి చూశాడు.

"నాకు కాలేం బెణకలేదే. మూడో ఆటకి అక్కే నన్ను పక్కన పెట్టింది."

"నేనా?" కోచ్ ఖాకీ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. "నేను నిన్ను పక్కన పెట్టడమేంటే? నాకేమన్నా మతిపోయిందా, రోలర్ మీదికి చిన్నీని పంపించి నిన్ను గట్టు మీద కూర్చోబెట్టడానికి? కాలు బెణికిందని మీ అమ్మ…"

ఆ వాక్యం అక్కడే ఆగింది. పూర్తి చేయవలసిన పని లేకపోయింది. ముగ్గురూ తల్లి వైపు తిరిగారు. అప్పటివరకూ ఆ రెండు మాటలూ రెండు వేరువేరు గదుల్లో ఉన్నాయి. ఆరు వారాల తరవాత మొదటిసారి ఒకే గదిలోకి వచ్చి ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

అందరికంటే ముందు తేరుకున్నవాడు మాస్టారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నాకు సాయంత్రమైతే చెవులు సరిగా వినపడవు," అన్నాడు మెల్లగా. "నాకు కావలసింది సంతకం. కథ కాదు. పెట్టు తల్లీ."

"పెట్టవే," అంది కోచ్. "మిగతాది తరవాత చూసుకుందాం. ముందు పెట్టు."

కూతురు కలం కాగితానికి దగ్గరగా తెచ్చింది. కలం మొన కాగితాన్ని తాకలేదు. దాని జుట్టులోంచి రంపపు పొట్టు రవ్వ ఒకటి ఫారం మీద రాలింది. దాన్ని వేలితో పక్కకు తోసింది. తల్లి ఆ వేలిని చూస్తోంది. పెడుతుందా? పెట్టదా? చిన్నప్పుడు పలక పగలగొట్టి, ఎవరూ అడగకముందే వచ్చి చెప్పిన పిల్ల. దానికి ఆ అలవాటు నేర్పింది ఎవరు? ఇప్పుడు సంతకం పెడితే ఆదివారం ఆడుతుంది. కానీ తల్లి అబద్ధాన్ని తన పేరుతో మోస్తూ ఆడుతుంది. పెట్టకపోతే…

"లేదు," అంది తల్లి. "దాని కాలికేం కాలేదు. ఆ పేరు నేనే రాయలేదు. భయమేసి రాయలేదు."

ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఆ మాట తనంతట తానే అంది.

మాస్టారు కూతురి వేళ్ల మధ్యనుంచి కలం మెల్లగా తీసుకుని మూత పెట్టాడు. "మీరు ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు. "పిల్ల ఒక్కతే అంటే ఏదో చిన్నపిల్ల, మరిచిపోయింది అనుకునేవాణ్ణి. తల్లే చెప్పాక నేనింక విననట్టు ఎలా ఉంటాను?" ఫారాన్ని రెండుగా మడిచాడు, నాలుగుగా మడిచాడు, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

కోచ్ టోపీ తీసుకుంది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "ఆ పిల్ల మెత్తన అన్నాను నేను. వేరుశనగలు తింటూ అన్నాను. మీరు విన్నారు." అంతే, దిగి వెళ్లిపోయింది. మెట్ల మీద ఏదో టైలు ముక్క జారి పగిలిన చప్పుడు వినిపించింది.

బస్టాపులో తల్లీ కూతుళ్లు పక్కపక్కనే నిలబడ్డారు. రెండు బస్సులు వచ్చి వెళ్లాయి. రెండూ వాళ్ల దారివే.

"ఆ రోజు భయపడ్డావు," అంది కూతురు. రోడ్డు వైపే చూస్తోంది. "సరే. అది అర్థమైంది నాకు. ఇవాళ?"

"ఇవాళ నిజం చెప్పాను."

"ఆరు వారాల నుంచీ ఉంది కదా నిజం. ఇవాళే ఎందుకు చెప్పబుద్ధేసింది?"

తల్లి బస్సు వచ్చే వైపు చూసింది.

"ఫైనల్ ఎవరితోనో నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు."

"అబద్ధం చెప్పి ఒకసారి ఆపావు. నిజం చెప్పి ఇంకోసారి ఆపావు." అది ఏడుస్తూ అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "ఇటు నుంచి చూస్తే నాకు రెండూ ఒకేలా ఉన్నాయి."

మూడో బస్సు ఎక్కారు. కూతురు ముందు సీట్లో కూర్చుంది, తల్లి వెనక సీట్లో. దాని మెడ మీద, చొక్కా కాలరు లోపలికి, రంపపు పొట్టు సన్నగా అంటుకుని ఉంది. మామూలు రోజైతే ముందుకు వంగి తుడిచేసేది.

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో ఎవరు అలిగినా "రెండు అంతస్తుల మధ్య ఆగింది, బలవంతంగా తలుపు తియ్యకండి" అనడం ఆయనకు అలవాటు. ఆ సాయంత్రం సంగతంతా విని ఆ మాట అనలేదు. కంచం ముందు కూర్చుని చాలాసేపు నీళ్లగ్లాసు తిప్పాడు.

"నువ్వు చెప్పింది తప్పని నేననను," అన్నాడు చివరికి. "కానీ ఒక్క మాట. అది పెట్టేదా, సంతకం?"

"పెట్టేది కాదు," అంది తల్లి. "నాకు తెలుసు. దాని చెయ్యి ఆగిపోయింది. అందుకే…"

"నీకెలా తెలుసు?" లోపలి గది తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది. "నాకే తెలీదు. పెట్టేదాన్నేమో. పెట్టి ఆడేదాన్నేమో, తరవాత సిగ్గుపడేదాన్నేమో. పెట్టకుండా లేచొచ్చేదాన్నేమో. ఒక్క నిమిషం ఆగి ఉంటే తెలిసేది. ఆ నిమిషం నాదమ్మా."

"నాన్నా, రా, తిను," అన్నాడు తండ్రి.

"ఆకల్లేదు నాన్నా." తలుపు గట్టిగా వెయ్యలేదు, మామూలుగా దగ్గరికి వేసింది. గట్టిగా వేసి ఉంటే బాగుండుననిపించింది తల్లికి.

ఆ మాట తరవాత ఆమెకు తన లోపలికి చూసుకోవడం తప్పలేదు. నిజం చెప్పిన క్షణాన తన మనసులో ఏముంది? కూతురు అబద్ధం మోయకూడదన్న తపన ఉంది. అది ఉన్న మాట వాస్తవం. కానీ "లేదు" అన్న మాట నోట్లోంచి జారిన మరుక్షణం ఒంట్లో ఏదో సడలింది. ఆదివారం ఇక తెర మీద ఏ బొమ్మా చూడనక్కర్లేదన్న నిశ్చింత అది. ఆ నిశ్చింత నిజం వెనక వచ్చిందా, నిజం కంటే ముందే వచ్చి దాన్ని నోట్లోంచి నెట్టిందా? ఎంత తవ్వినా తెలియలేదు. ఎముక అయితే చెప్పేది. పగులు ఎటునుంచి మొదలై ఎటు వెళ్లిందో ఇరవై ఏళ్ల అనుభవంతో ఒక్క చూపులో పట్టేసేది. ఇక్కడ రెండు కారణాలూ ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఏది మొదట విరిగిందో తీసిచూపే యంత్రం లేదు. కూతురితో ఏమని చెప్పాలి? "భయంతో కాదు" అంటే అది మరో అబద్ధం కావచ్చు. "భయంతోనే" అంటే అదీ పూర్తి నిజం కాకపోవచ్చు. అందుకని ఏమీ చెప్పలేదు. ఆ మౌనానికి కూతురు ఏ అర్థం తీసుకుంటుందో ఆమెకు తెలుసు.

ఆదివారం జాబితా కూడా ఆమే రాసింది. కోచ్ మరొకరికి అప్పగిస్తుందనుకుంది. కానీ కోచ్ ఏమీ అనకుండా కాగితం, కలం తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోయింది. ఫ్రేము కట్టించే మాట ఎత్తలేదు. తొమ్మిది దగ్గర చిన్నీ పేరు రాసింది. ఈసారి రూలు ప్రకారమే రాసింది. అయినా ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

కూతురు రాదనుకున్నారు, వచ్చింది. జట్టు చొక్కా వేసుకోలేదు. ఇంట్లో వేసుకునే పాత చొక్కాతో వచ్చి, ఆట మొదలయ్యేదాకా చిన్నీని పక్కకు తీసుకెళ్లి బంతి అందుకోవడం చేయించింది. "ముందు తలెత్తి చూడకు. ముందు బంతి. బంతి చేతిలో పడ్డాకే చూడు. రోలర్ వస్తుంటే పారిపోకు, ఇంకా దగ్గరికెళ్లు. దగ్గరికెళ్తే దానికి చెయ్యి విసరడానికి చోటుండదు. తెలిసిందా?"

"నువ్వుంటే బాగుండేది అక్కా," అంది చిన్నీ. పెదవులు తెల్లబోయి ఉన్నాయి.

"నేనిక్కడే గీత బయట ఉంటా. అరుస్తుంటా. నా గొంతు నీకు తెలుసుగా, పక్క వీధికి కూడా వినపడుతుంది."

తల్లి పది అడుగుల దూరంలో నిలబడి ఇదంతా వింది. దగ్గరికెళ్తే చెయ్యి విసరడానికి చోటుండదు. ఆ పిల్లకు ఎప్పటినుంచో తెలుసు. రోలర్‌ను ఎలా ఎదుర్కోవాలో ఆలోచించి పెట్టుకుంది, నెలల కిందటే. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది.

మొదటి సగంలోనే అది జరిగింది. చిన్నీ బంతి అందుకుని కళ్లు మూసుకున్నట్టే పరుగెత్తింది. ఎదురుగా రోలర్ వచ్చింది, పేరుకు తగ్గట్టే వచ్చింది. తల్లి ఊపిరి బిగబట్టింది. ఢీకొన్న చప్పుడు గట్టు దాకా వినిపించింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. రోలర్ ముందుగా లేచింది. చెయ్యి చాచి చిన్నీని లేపి నిలబెట్టింది. దాని మోచేతికంటిన మట్టి దులిపి, ఏదో అంది. చిన్నీ నవ్వింది. ఆట ముందుకు సాగిపోయింది.

ఎక్కడా ఏమీ విరగలేదు. ఆరు వారాలు, ఒక కెప్టెన్ పదవి, ఒక ఫైనల్, ఒక నిమిషం, ఇవన్నీ దేనికి భయపడి పోయాయో అది ఆ రెండు క్షణాల్లో జరిగిపోయింది. మోచేతి మీద కాస్త మట్టి.

చివరి నిమిషాల్లో వీళ్లే గెలిచారు. ఆఖరి పరుగుకు బంతి అందించింది చిన్నీ. అందించమని గీత బయటనుంచి గొంతు చించుకుని అరిచింది బొంగరం. "ఎడమకి! ఎడమకే! ఇప్పుడు!" బంతి ఎడమకు వెళ్లింది, గీత దాటింది. పిల్లలంతా ఒకరి మీద ఒకరు గుట్టగా పడ్డారు. గీత బయట ఉన్న పిల్ల రెండడుగులు లోపలికి పరుగెత్తి, మూడో అడుగు దగ్గర ఆగింది. నవ్వుతూనే ఉంది. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. ఆ చేతులు కిందికి దిగడానికి చాలా సేపు పట్టింది.

ఓడిపోయి ఉంటే దానికి కాస్త తేలికయ్యేదేమో. తాను లేనందువల్ల ఓడారు అనుకోవడానికైనా ఉండేది. గెలుపు ఆ ఊరటను కూడా మిగల్చలేదు.

ఫొటోకు వరసలో నిలబడుతున్నప్పుడు చిన్నీ వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. "రా అక్కా, నువ్వు మధ్యలో."

"నేను తీస్తా," అంది కూతురు. కోచ్ దగ్గర ఫోను తీసుకుంది. "అందరూ దగ్గరికి జరగండి. వెనక పొడుగుది, తల వంచు, నీ వెనక మాస్టారు కనపడట్లేదు. నవ్వండి. ఎవరన్నా చచ్చిపోయారా, నవ్వండి!" వాళ్లు నవ్వారు. ఫోను తిరిగి ఇస్తుంటే కోచ్ దాని చేతిని వదల్లేదు.

"నన్ను అడగాల్సింది నువ్వు," అంది కోచ్.

"మీరూ అడగాల్సింది."

"అవును." కోచ్ ముక్కు తుడుచుకుంది. "ఇద్దరం మొండి ఘటాలమే."

అప్పుడే పెద్దవాళ్ల జట్టు తరఫున ఒకావిడ అట్టకు కాగితాలు బిగించుకుని వచ్చింది. వచ్చే ఏటికి ఈ పోటీ వయసు దాటిపోయే పిల్లల పేర్లు రాసుకుంటోంది. "తొమ్మిదో నంబరు పిల్ల ఆడలేదటగా? ఆ గొంతు ఎవరిదని అడిగాను. నీదేనట. ఇదిగో, నింపి ఇవ్వు." ఒక ఫారం, ఒక కలం ఇచ్చి మరొకరి దగ్గరికి వెళ్లింది.

కూతురు గడ్డి మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని నింపసాగింది. తల్లి జట్టు చొక్కాలు లెక్కపెట్టి సంచిలో కుక్కుతూ పక్కనే ఉంది. రెండు రోజుల తరవాత ఇంత దగ్గరగా ఉండటం ఇదే. పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది. ఎత్తు దగ్గర ఒక క్షణం ఆలోచించి కాస్త ఎక్కువే రాసినట్టుంది, పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. ఆ నవ్వు చూసి తల్లికి ప్రాణం లేచివచ్చింది. ఏదైనా అందామని నోరు తెరిచింది.

కలం ఆగింది.

"అమ్మా."

ఆ పిలుపు కోసం రెండు రోజులుగా ఎదురుచూస్తున్న మనిషి చేతిలోని చొక్కాను వదిలేసి తిరిగింది.

"నాన్న నంబరు ఎంత?"

తల్లి కాగితం వైపు చూసింది. ఆటలో దెబ్బ తగిలితే ఎవరికి కబురు చేయాలి అని అచ్చువేసి ఉంది. ఎదురుగా తండ్రి పేరు రాసి ఉంది. తల్లి నంబరు ఆ పిల్లకు ఆరేళ్లప్పటి నుంచీ కంఠతా వచ్చు.

"నా ఫోను సంచిలో ఉంది. సంచి బస్సులో ఉంది," అంది కూతురు, అడగని ప్రశ్నకు జవాబులా. గొంతులో కోపం లేదు. తల కూడా ఎత్తలేదు.

తల్లి నంబరు చెప్పసాగింది. ఒక్కొక్క అంకే, నెమ్మదిగా, తప్పు పోకుండా. కూతురు ఒక్కొక్కటీ రాసుకుంది.

"మధ్యలో ఒకటా, ఏడా?"

"ఏడు," అంది తల్లి. "ఏడు. సరిగ్గా రాయి."